మొదటి కత్తెర

మా గుమ్మం ముందు జట్కా ఆగిన చోట పోయినవారం కథ ఆగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సాయంత్రం విరుదునగర్ రైలు ఎక్కాలని మా వారు కుట్టుమెషిన్‌ను గోనెగుడ్డలో చుట్టి తాడు బిగిస్తున్నారు. జట్కావాడు లోపలికి రాకుండా వాకిట్లో నుంచే చెప్పాడు.

"పెద్దింటి అవ్వ పిలిచింది. కత్తెర ఎత్తుకొని రమ్మనింది."

"మెషిన్?"

"మెషిన్ వద్దంట. కత్తెర మట్టుమే."

కత్తెర ఒక్కటే తెమ్మని మమ్మల్ని అంతవరకు ఎవరూ పిలవలేదు.

ఈ వారమే ఈ కథలోకి వచ్చిన వాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. మాది ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు రవికెలు కుట్టే పని. కోవిల్‌పట్టి చుట్టుపక్కల పెద్ద ఇళ్ళలో ఆడవాళ్ళు బజారుకు వెళ్ళి మగ దర్జీకి కొలతలివ్వరు. పాత రవికె పంపితే, దాని ప్రకారం ఇంకో పాత రవికె లాంటిదే వచ్చేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా బుట్ట చేతుల జాకెట్టు చూసి ముగ్గురు వదినలు, ఇద్దరు అత్తలు చుట్టూ మూగిన రోజున ఈ ఆలోచన పుట్టింది. మద్రాసు కాలేజీ హాస్టల్లో సరదాకు నేర్చుకున్న కుట్టుపని అలా మా ఇంటి పొయ్యి వెలిగించే పనయింది. మా వారు పత్తి ఫ్యాక్టరీలో గుమాస్తా పని మానేశారు. చేతిమెషిన్‌ను సైకిల్ వెనక కట్టుకుని ఊరూరా నాతో తిరుగుతున్నారు. ఆయన పేరు రాయాలంటే నాకింకా సిగ్గే. ఒక్కసారి రాస్తాను: రంగరాజన్. రాసి ఒకసారి చదువుకున్నాను కూడా. బాగుంది.

ఆ పనికి మేం పెట్టుకున్న కట్టుబాట్లన్నిటిలో మాకు పేరు తెచ్చింది ఒకటే. గుడ్డ మా ఇంటికి తెచ్చుకోం. ఏ ఇంటి గుడ్డ ఆ ఇంటి కూడంలోనే, అంటే నడిమింట్లోనే కోస్తాం, అక్కడే కుడతాం, చిటికెడు ముక్క మిగిలినా అక్కడే ఇచ్చి వస్తాం. మొదటి కత్తెర ఆ ఇంటి పెద్దావిడ చేత పెట్టిస్తాం. ఆమె కొంచెం కోసి నా చేతికిస్తే, మిగతాది నేను కోస్తాను. గుడ్డ మారిందని, తక్కువయిందని ఆ తరువాత ఎవరూ అనడానికి ఉండదు. పెద్దావిడకు గౌరవం, మాకు రక్ష. ఈ ఉపాయం తోచిన రోజున నేను మా వారి ముందు గిర్రున ఒక చుట్టు తిరిగాను.

"ఏం చెడ కోస్తివో ఏమో" అంది మా అత్తగారు లక్ష్మియమ్మాళ్, జట్కా వైపు చూస్తూ. "ఆ ఇంటోళ్ళతో పెట్టుకోవద్దు. తంగమ్మాళ్ ఆమె చెల్లెలు కదా."

భయమంతా అదే. విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారం చేసే పెద్ద ఇంటి ఇల్లాలు తంగమ్మాళ్. ఆమె అక్క పొన్నమ్మాళ్ అవ్వే ఈ పెద్దింటి అవ్వ. అక్క మెచ్చుకుందని తెలిసి, తంగమ్మాళ్ తన వీధి వీధంతా మాకు పని చూపిస్తానంది. ఆ మాట నమ్మి రెండో మెషిన్ తెచ్చాం. అక్క ముఖం తిప్పుకుంటే చెల్లెలి తలుపూ మూసుకుంటుంది. ఫ్యాక్టరీలో మా వారి కుర్చీలో అప్పటికే వేరే ఆయన కూర్చున్నాడు.

"రైలు ఇంకోటి ఉంటుంది" అన్నారు మా వారు మెషిన్‌కు కట్టిన తాడు విప్పుతూ. "నువ్వు జట్కా ఎక్కు, వర్ణం. నేను వెనకాలే వస్తా."

దారి పొడుగునా నల్లరేగడి. పత్తి ఏరేసిన కట్టెలు ఎండలో నిలబడి ఉన్నాయి. కత్తెరను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. జట్కా వెనక నుంచి అప్పుడప్పుడు సైకిల్ గంట వినపడేది. దారిలో ఎవరూ లేరు, గంట కొట్టాల్సిన పనీ లేదు. నేనున్నానని చెప్పడానికి ఆయన కొడుతున్నారు. అంత బెంగలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గంట ఆగిన వెంటనే ఆగిపోయింది.

ఆ ఇంట్లో నేను చేసిన పని గుర్తు చేసుకున్నాను. పోయిన నెల అవ్వ తన మనవరాలికి బుట్ట చేతుల జాకెట్టు కుట్టమంది. ఇంట్లో సున్నం వేయడం అప్పుడే అయిపోయింది, గోడలు ఇంకా తడి వాసన వేస్తున్నాయి. కోడలు చిన్నతాయి పెరట్లో పనివాళ్ళతో ఉంది. కూడంలో అవ్వా, నేనూ తప్ప ఎవరూ లేరు. నేను గుమ్మం దాటకముందే, నా మెట్టెల చప్పుడు విని, "కొత్త పెళ్ళికూతురు వచ్చింది" అంది అవ్వ. చిన్నప్పటి నుంచి ఎవరూ నన్ను చూడకుండా గుర్తుపట్టలేదు. నాకు ఎంత సంబరమైందో. తరువాత లోపలి గదిలోకి వెళ్ళి ముదురెరుపు పట్టుచీర ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మా అత్త నాకు నేయించిచ్చిన చీర ఇది. ఇంక నేను కట్టేది లేదు. నా పేత్తికి కుట్టు" అంది. మనవరాలిని అక్కడ పేత్తి అంటారు.

నేను సుద్దతో గీత గీసి, కత్తెర ఆమె చేతికిచ్చాను. ఆమె నా చేయి పట్టుకుని, "ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టు పాపా" అంది. నా వేళ్ళ మీద తన వేళ్ళుంచి కసుక్కున ఒక్క కోత కోసింది. పెద్దింటి అవ్వ నా చేయి పట్టుకుందని ఇంటికి వచ్చే దారంతా మా వారికి చెప్పి చెప్పి విసిగించాను.

అందులో తప్పెక్కడుంది? ఎంత వెతికినా నాకు కనిపించలేదు.

కూడంలో అడుగుపెట్టేసరికి లోపల గట్టిగా మాటలు వినిపిస్తున్నాయి. అవ్వ పెద్ద పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఆమె కొడుకు గోవిందరాజ్. అతని పక్కన నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన నిలబడి మాట్లాడుతున్నాడు. ఆయన అవ్వ మరిది లక్ష్మణసామి అని తరువాత తెలిసింది. చిన్నతాయి వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

నేను వెళ్ళి అవ్వకు ఎదురుగా వంగి నమస్కారం పెట్టాను.

"ఎవరు వచ్చింది?" అంది అవ్వ.

చేతికందేంత దూరంలో ఉన్నాను. నా మీద అంత కోపమా అనుకున్నాను.

"కుట్టే పాప వచ్చిండాది అత్తా" అంది చిన్నతాయి మెల్లగా.

"కూచోనీ."

కూర్చున్నాను. అప్పుడు చూశాను, వాళ్ళ మధ్యలో నేల మీద తెరిచి ఉన్న పెట్టెను. వేపచెక్క పెట్టె, ఇత్తడి గొళ్ళెం, మూత మీద పసుపు. చూడగానే అదేమిటో తెలిసింది. మా అత్తగారి పుట్టింట్లోనూ అలాంటిది ఒకటుంది. పేరంటాలమ్మ పెట్టె. ఎన్నో తరాల కింద ఆ వంశంలో పోయి దేవత అయిన ఆడమనిషి చీర అందులో ఉంటుంది. పంగుని నెలలో ఒక్కసారి తీస్తారు. వంశంలోని ఇళ్ళవాళ్ళు, అక్కడి మాటలో పంగాళ్ళు, అందరూ వచ్చి మొక్కుతారు. మిగతా రోజుల్లో ఇంటి పెద్దావిడ ఒక్కతే ముట్టుకోవచ్చు. మేం అక్కడికి వెళ్తే మా అత్తగారు మమ్మల్ని ఆ గది గుమ్మం కూడా దాటనివ్వదు.

పెట్టెలో చీర ముదురెరుపుది.

"ఎత్తి చూడు" అన్నాడు లక్ష్మణసామి.

నేను చేయి చాపలేదు. గోవిందరాజే చీర అంచు పట్టుకుని పైకెత్తాడు. కొంగు బాగానే ఉంది. రెండో చివర జాకెట్టు గుడ్డ మేర కోసేసి ఉంది. ఆ కోత పొడవునా ఒకచోట పోగు లాగినట్టు చిన్న పీచు.

"కత్తెర ఇట్లా తే."

ఇచ్చాను. నా కత్తెర ఒకసారి కోవిల్‌పట్టి స్టేషన్లో జారి రాళ్ళ మీద పడింది. కొసకు దగ్గర చిన్న గంటు పడింది. అక్కడికి వచ్చేసరికి గుడ్డ పోగు లాగుతుంది. సాన పట్టించాలని నెలల తరబడి అనుకుంటూనే ఉన్నాను. లక్ష్మణసామి తన పంచె కొసను కొంచెం కోసి చూశాడు. అదే పీచు.

"చూస్తివా గోవిందా? ఈమె కత్తెరే." ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మే, చదువుకున్న దానివంట. సామి చీరలో కత్తెర పెట్టేదానికి ఏ కాలేజీలో నేర్పిరి?"

"ఈ ఇంట్లో నేను కోసింది ఒక్క చీరే, మామా. అవ్వ ఇచ్చిన చీర" అన్నాను.

"ఆమా" అని ఒప్పుకుంది అవ్వ వెంటనే. "నా చీర నేను ఇస్తిని. అది వేరే. మా అత్త ఒకే మగ్గం మింద రెండు నేయించింది. ఒకటి పేరంటాలమ్మకు, ఒకటి నాకు. నాది నేను ఇస్తిని. సామిది ఎవరు ఎత్తిరో నాకేం తెలుసు? తాళం నా నడుములో ఉండాది. సున్నం అడిచేటప్పుడు ఒక్క పొద్దు చిన్నతాయికి ఇస్తిని."

చిన్నతాయి కొంగు వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది.

"అట్లంటే రెండు కోతలు" అన్నాడు లక్ష్మణసామి. "ఒకటి వదినె ఇచ్చింది. ఇంకోటి కోడలు దొంగతనంగా ఎత్తి ఇచ్చింది. లేకపోతే ఈమే ఎత్తుకొని పోయింది. శుక్రవారం పంగాళ్ళంతా వస్తారు. ఈ చీర ఎట్లా చూపిస్తావు గోవిందా? నేను పోయినేడే చెప్పినాను. పెట్టెను సరిగ్గా చూసుకొనే ఇంట్లో పెట్టండి అని. వదినెకు వయసైపోయింది, నా ఇంట్లో పెట్టండి అంటిని. వింటిరా?"

"నా చెయ్యి ఆడేదాకా పెట్టె ఈడనే ఉంటది" అంది అవ్వ. అంత వరకు నిటారుగా ఉన్న ఆమె వెన్ను ఇంకా నిటారుగా అయింది.

"సాయంత్రం రైలుకు నేను విరుదునగర్ పోతా ఉండాను" అన్నాడాయన నా వైపు చూసి. "తంగమ్మాళ్ ఇంట్లోనే దిగేది. ఆడ ఏం చెప్పమంటావు?"

నేను అవ్వ ముఖం వైపు చూశాను, ఒక్క మంచి మాట వస్తుందేమోనని. రాలేదు. బయట అరుగు మీద మా వారు దగ్గారు. ఆయన్ను లోపలికి ఎవరూ పిలవలేదు.

ఇంటింటికీ వెళ్ళి చేసే పనికి ఎన్ని నియమాలున్నా, వాటి కింద ఉన్నది ఒకటే. లోపలికి రానిస్తారు అనే నమ్మకం. దుకాణం పెట్టుకున్న వాడి మీద ఒక మాట పడితే, కొన్నాళ్ళు తలుపు వేసుకుని కూర్చుని మళ్ళీ తెరుస్తాడు. మాకు తలుపే లేదు. మావి అన్నీ ఇతరుల తలుపులు. ఒకటి మూసుకుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడుతుంది.

"చిన్నాయనా, ఉండండి" అన్నాడు గోవిందరాజ్. కష్టపడి మాట్లాడే మనిషి. "అమ్మా, నీ చీర ఎత్తి చూస్తే సరి. కోసిన చీర ఉంటే రెండు కోతలు. అంతే కదా."

"నా పెట్టె వెదికేదానికి నువ్వెవరురా?"

"తాళం ఇయ్యమ్మా."

అవ్వ నడుములో దోపిన తాళాల గుత్తి తీసింది. ముందుకు చాపింది. గోవిందరాజ్ ఒక అడుగు పక్కకు జరిగి అందుకోవలసి వచ్చింది. అతను అది గమనించలేదు. గుత్తిని చిన్నతాయికి విసిరాడు. ఆమె తడబడుతూ లోపలికి పరుగెత్తింది. ఆ ఇంటి తాళాలు ఆమె చేతికి రావడం పెళ్ళయిన తరువాత అది రెండోసారే అయ్యుంటుంది.

లోపల పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు. తరువాత ఆమె వచ్చింది, రెండు చేతుల మీదా ముదురెరుపు చీర పరుచుకుని, బిడ్డను ఎత్తుకొచ్చినట్టు.

"అత్తా" అంది. "ఇది మీ చీర. నిండుగా ఉండాది. ఎవరూ కోయలేదు."

లక్ష్మణసామి ముందుకు వంగి చీర కొసలు రెండూ చూశాడు.

"సున్నం అడిచేటప్పుడు, ఒకే తాళం పడే ఆ రెండు పెట్టెలూ తావు మార్చి పెడితిమి. సామిది ఈ గోడ పక్కకు, మీది ఆ గోడ పక్కకు. మీకు చెప్తిని కదా అత్తా."

"చెప్తివా" అంది అవ్వ.

చిన్నతాయి దారికి అడ్డం ఉన్నానని నేను లేచి, గోడ వెంబడి జరిగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. లక్ష్మణసామి, గోవిందరాజ్ ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నా మెట్టెల చప్పుడు నాకే వినపడలేదు.

చిన్నతాయి చీరను అవ్వ ఒళ్ళో పెట్టి, వంటింటి గుమ్మం దగ్గరికి నా పక్కకు వచ్చింది. అవ్వ దాని వైపు తల వంచలేదు. ఆమె వేళ్ళు మాత్రం చీర మీద నడిచాయి. అంచు వెంబడి, మడత లోపలికి, మళ్ళీ అంచుకు. ఒకచోట ఆగాయి. అక్కడ దీపం నిప్పు పడి కాలితే వేసిన రఫ్ఫు ఉంది. నల్లదారంతో, ఎప్పుడో, ఆమె చేతిదే కావచ్చు. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

అప్పుడు నాకు అర్థమైంది. చల్లనీళ్ళు నెత్తి మీద పోసినట్టు అన్నీ ఒక్కసారే.

మెట్టెల చప్పుడుతో నన్ను గుర్తుపట్టడం. "ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టు పాపా" అని నా చేయి పట్టుకోవడం. ఇందాక ఎదురుగా నిలబడితే "ఎవరు" అనడం. కొడుకు లేని వైపు తాళాలు చాపడం. ఆ రోజు చీర కొసన పసుపు మచ్చ నేను చూశాను. చీర కొత్తగా ఉన్నప్పుడు ఎవరో పెట్టి ఉంటారులే అనుకున్నాను. ఆమె చూడలేదు. చూడలేకపోయింది. ఏ గోడ పక్కన ఏ పెట్టె ఉంటుందో కాళ్ళకు అలవాటైన ఇల్లు అది. ఆ కాళ్ళనే నమ్ముకుని వెళ్ళి తెచ్చింది. పేరంటాలమ్మ చీరలో మొదటి కోత కోసింది పొన్నమ్మాళ్ అవ్వ.

ఈ సంగతి ఆమె కొడుక్కి తెలియదు. కోడలికి తెలియదు. తెలిస్తే తాళాలు పోతాయి. లక్ష్మణసామికి తెలిస్తే పెట్టే పోతుంది. ఆమె ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగా గోడలు తడుముకోకుండా, నిటారుగా, వేళ్ళతో లెక్క తప్పకుండా నడుస్తోందో.

"ఇప్పుడు తేలిపోయింది" అన్నాడు లక్ష్మణసామి. "కోత ఒకటే. వదినె తన చీర ఇయ్యనే లేదు. ఈ పిల్లే సామి పెట్టెలో చెయ్యి పెట్టింది."

"నేను పెట్టలేదు మామా" అనబోయాను. మాట పెదవి దాటకముందే ఆగిపోయాను. ఆ తరువాత వచ్చే మాట ఏమిటో నాకు తెలుసు.

"ఉండండి చిన్నాయనా. ఒక్క మాట అడుగుతా." గోవిందరాజ్ నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. "ఇంటింటికీ పోయి చెప్తారే మీరు, మొదటి కత్తెర ఆ ఇంటి పెద్దదానిదే అని. ఊరంతా అదే మాట. ఆ పొద్దు మా అమ్మ కత్తెర పెట్టిందా, పెట్టలేదా? పెట్టింటే, సామి చీర అని తెలిసే పెట్టిందని అర్తం. మా అమ్మ సామి చీర చూసి గుర్తు పట్టలేదా? పసుపు బొట్టు ఉండాదే. పెట్టకుంటే నువ్వే కోసినావని అర్తం. ఏది?"

బయట సైకిల్ గంట ఒక్కసారి మోగింది. మా వారు దాన్ని తుడుస్తున్నట్టు నటిస్తూ కొట్టి ఉంటారు. నేనున్నాను అని. ఆయనకు తెలియదు, నేనిప్పుడు ఔనంటే ఒక ముసలావిడ ఇల్లు పోతుంది, కాదంటే మా ఇద్దరి కూడు పోతుంది.

ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోయకూడదని మా నియమాల్లో ఒకటుంది. ఆ ఇంటి మాటను ఆ ఇంట్లోనే చెప్పవచ్చా అని మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

లక్ష్మణసామి మీసం దువ్వుకుంటూ గుమ్మం వైపు చూశాడు, రైలు వేళ అవుతోందన్నట్టు.

అప్పుడు అవ్వ గొంతు సవరించుకుంది. ఆమె చేతులు ఇంకా ఆ రఫ్ఫు మీదే ఉన్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది. నిజం ఆమె వేళ్ళకు తెలిసిపోయిందని, ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"పాపా" అంది మెత్తగా. ఆ మెత్తదనంలో ఆజ్ఞ ఉందో, వేడుకోలు ఉందో ఎంత చూసినా నాకు తేలలేదు. "బయపడొద్దు. నిజం చెప్పు. మొదటి కత్తెర ఎవరు పెట్టిరి?"

కొడుకు, మరిది వంటింటి గుమ్మం దగ్గర ఉన్న నా వైపు తిరిగారు. అవ్వ మాత్రం ఇందాక నేను కూర్చుని లేచిపోయిన చోటి వైపే, ఖాళీ నేల వైపే, జవాబు కోసం చూస్తోంది.

నా పక్కన నిలబడిన చిన్నతాయి ఆ ఖాళీ నేలను చూసింది. అత్త ముఖం చూసింది. తరువాత తన చేతిలో ఉన్న తాళాల గుత్తిని చూసుకుంది.